ఇందుమతమ్మ గారి రెండు ముఖాల గడియారం

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వెనక సందులో అప్పలాచారి అని గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. మంచి పనివాడే గానీ, చేతికొచ్చిన గడియారాన్ని విప్పి చూడకుండా ఉండలేకపోయేవాడు.

ఆ గుణం వల్ల చాలాకాలం ఎవరికీ నష్టం జరగలేదు. పైగా ఈమధ్య విప్పి చూసేపాటి గడియారాలు రావడమే మానేశాయి. పొద్దున కొట్టు తెరిస్తే సాయంత్రం దాకా సెల్లు మార్చడం, పట్టీ మార్చడం, అంతే. వయసు అరవై దాటింది. మెడ పట్టేసేది, కళ్లు లాగేసేవి. "ఈ పనికి నేనే కావాలా, ఎవడైనా చేస్తాడు" అని రోజుకు పదిసార్లు అనుకునేవాడు. పాపం, ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

ఒక సోమవారం ఇందుమతమ్మ గారని డెబ్బై ఏళ్లావిడ ఆటో దిగి వచ్చారు. చేతిరుమాలులో చుట్టిన గడియారం తీసి బల్ల మీద పెట్టారు.

"పట్టీ ఊడిపోయిందండీ, ఆచారి గారూ. పిన్ను వేసిస్తారా?"

ఆచారి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నలుచదరంగా ఉంది. గడియారం ఉన్న పెట్టెను పట్టీ చట్రంలోంచి కాస్త పక్కకు జరిపి తిప్పితే, వెనకవైపు ఇంకో ముఖం కనిపించింది. ముందువైపు ఒక టైము, వెనకవైపు ఇంకో టైము, తేదీ, వారం, చిన్న కిటికీలో పెరిగీ తరిగే చంద్రుడు. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

"మావారు ఓడల్లో ఇంజనీరు" అన్నారావిడ. "ఒకవైపు ఓడ ఉన్నచోటి టైము, రెండోవైపు ఇంటి టైము పెట్టుకునేవారు. మేం భోజనాలు చేశామో లేదో తెలుస్తుందని. చివరి రోజుల్లో షుగరుతో చూపు పోయింది. అప్పుడు ఇలా వినేవారు."

పక్కనున్న చిన్న మీట జరిపారు. లోపల్నుంచి సన్నగా పదకొండు గంటలు కొట్టింది. తర్వాత ఇంకో రకం మోతతో నిమిషాలు కొట్టింది.

"ఆయన పోయి రెండేళ్లయింది. లేవగానే ఇది వింటాను. పక్కన ఆయన ఉన్నట్టే ఉంటుంది. నాకు మిగిలింది ఇదొక్కటే లెండి."

ఆచారి ఆ మాటలు సగమే విన్నాడు. నలభై ఏళ్లలో అలాంటి గడియారం చూడలేదు. లోపల ఎన్ని చక్రాలున్నాయో, ఎలా అమర్చారో! పిన్ను వెయ్యడం అయిదు నిమిషాల పని. వేసిచ్చేస్తే ఏ గొడవా లేదు. కానీ మనిషి బుద్ధి ఊరుకుంటుందా? నీదైనా నాదైనా అంతే.

"లోపల నూనె ఎండిపోయినట్టుందమ్మా. శుభ్రం చెయ్యాలి. గురువారం రండి" అన్నాడు.

ఆవిడ వెళ్లగానే, చిన్న ముక్కలు ఎగిరిపోకుండా ఫ్యాను కట్టేశాడు. కంటికి అద్దం పెట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు. కొత్తరకం గడియారం విప్పేటప్పుడు, ఏ ముక్క ఎక్కడిదో కాగితం మీద గీసుకోవడం ఆ పనిలో పద్ధతి. "నాకు బొమ్మలేమిటి?" అనుకున్నాడు. చెమటలు కారుతున్నా ఒళ్లు తెలియలేదు. మెడనొప్పి మర్చిపోయాడు. ఉన్నమాట చెప్పాలంటే, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రోజు సంతోషంగా ఉన్నాడు.

మర్నాడు తిరిగి బిగించాడు. రెండు ముఖాలూ నడిచాయి, చంద్రుడూ కదిలాడు. మీట జరిపితే మాత్రం చప్పుడు లేదు. మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. బుధవారం మధ్యాహ్నం గంట కొట్టించే స్ప్రింగు విరిగి రెండు ముక్కలైంది. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. అలాంటిది ఎక్కడా దొరకదన్నారు.

గురువారం ఇందుమతమ్మ గారు వచ్చారు. మీట జరిపారు. ఇంకోసారి జరిపారు.

"మోగడం లేదేమండీ?"

ఆచారి బల్ల మీది పనిముట్లు సర్దసాగాడు. "స్ప్రింగు అరిగిపోయిందమ్మా. వాడగా వాడగా అంతే" అన్నాడు.

ఆవిడ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. "అయితే నా వల్లే" అన్నారు. "అస్తమానం మీట జరపకు, పాడవుతుందని ఆయన చెబుతూనే ఉండేవారు. నేను విన్నానా? పొద్దున ఒక్కసారి చాలక, తోచనప్పుడల్లా జరిపాను. చేతులారా పోగొట్టుకున్నాను."

కళ్లు తుడుచుకున్నారు. "మీకు శ్రమ ఇచ్చాను" అని ఆచారికే నమస్కారం పెట్టి, గడియారం తీసుకుని వెళ్లారు.

ఆ నమస్కారం ఆచారి భరించలేకపోయాడు. తనను అనుమానించినా బాగుండేది. కొట్టు అలాగే వదిలేసి, సందు చివర ఆటో ఎక్కబోతున్న ఆవిణ్ణి అందుకున్నాడు.

"అమ్మా, అది అరగలేదు. విరిచింది నేను. మీరు పిన్ను వెయ్యమంటే, లోపల చూడాలన్న యావతో అబద్ధమాడి విప్పాను. మీ చేతి తప్పేం లేదు."

ఇందుమతమ్మ గారు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. "ఇంత అనుభవం ఉండి ఎందుకు చేశారండీ ఈ పని?"

"నా బుద్ధి గడ్డి తిందమ్మా."

"ఇంక మోగదా?"

"మోగదమ్మా."

ఆవిడ గడియారాన్ని రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. "మిమ్మల్ని క్షమించడం నా వల్ల కాదు, ఆచారి గారూ. కానీ మీరు వచ్చి చెప్పకపోతే, చచ్చేదాకా నన్ను నేనే తిట్టుకుంటూ ఉండేదాన్ని" అన్నారు. ఆటో వెళ్లిపోయింది. ఆచారి ఎండలో అలాగే నిలబడ్డాడు.

అడగని చోట చెయ్యి పెట్టకపోవడం కూడా పనితనమే. పెట్టి పాడుచేస్తే, ఆ తప్పు ఏ పాపం ఎరగనివాళ్ల నెత్తిన పడకముందే నాదని చెప్పాలి.