అందరికీ ఒకటే బోర్డు

“అందరికీ ఒకటే బోర్డు, ఒకటే కెరటం అంటారు గదా మాస్టారూ. మరి నానే ఎందుకు ములిగిపోతన్నాను? తప్పు నాదేనేటి?”

ఈ మాట అడుగుతున్నప్పుడు ముత్యాలు జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, కళ్లలోంచి నిప్పులు రాలుతున్నాయి. దానయ్య మాస్టారు ఒకసారి ఆమె మొహంలోకి చూసి మళ్లీ కెరటమెక్కే బోర్డు తుడుచుకోవడంలో పడ్డారు. నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్లు అడిగి ఊరుకోవాలి. ఆయన చేసే ఏదో పనిలోంచి జవాబు దానంతటదే వస్తుంది, ఒక్కోసారి ఆ పూటే, ఒక్కోసారి పది రోజులకి. ముత్యాలుకి పది నిమిషాలు ఆగే ఓపిక కూడా లేదు.

దానయ్య భీమిలి వైపు మనిషి. సగం జీవితం సముద్రం మీద తెప్పలు కట్టి, వాటినే నడిపారు. వయసు మళ్లాక కొండల మధ్య రిజర్వాయరు దగ్గర కొత్తగా పెట్టిన క్లబ్బులో చేరారు. బోర్డులు బాగు చెయ్యడం, కుర్రకారుకి కెరటమెక్కడం నేర్పడం ఆయన పని. రిజర్వాయరులో కెరటాలెక్కడివి? అక్కడ కెరటాన్ని బోటే పుట్టిస్తుంది. బోటు వెనక మూల, ఒక పక్కన పెద్ద పెద్ద సంచుల్లో నీళ్లు నింపుతారు. బోటు ఆ పక్కకి ఒరిగి నడుస్తుంటే అటువైపు నున్నటి కెరటం ఒకటి లేచి, బోటు వెంటే పరిగెడుతుంది. తాడు పట్టుకుని బోర్డు మీద లేచి నిలబడాలి, నిలబడ్డాక తాడు వదిలెయ్యాలి. ఆ తరవాత మనిషిని ముందుకి తోసేది కెరటమే. ముందు కాలు నొక్కితే జోరు, వెనక కాలు నొక్కితే నెమ్మది. కెరటం చేతిలోంచి జారిందా, నీళ్లలో మునగడమే.

క్లబ్బులో కుర్రాళ్లందరూ ఎడమ కాలు ముందు పెట్టి నిలబడే రకం. వాళ్లకి ఎడమ పక్క కెరటం ఎదురుగా ఉంటుంది. అందుకని సంచులెప్పుడూ ఎడమ పక్కనే నిండేవి. ముత్యాలుది కుడి కాలు ముందు. అదే కెరటం ఆమెకి వీపు వెనక లేచేది, మెడ తిప్పి వెతుక్కోవాల్సి వచ్చేది. ఇక బోర్డు సంగతి. అది మందంగా, వెడల్పుగా, అడుగున చేప రెక్కల్లాంటి మూడు పెద్ద ఫిన్లతో ఉండేది. ఎనభై కిలోల మనిషిని తేల్చి, తిన్నగా, జోరుగా తీసుకుపోతుంది. ముత్యాలు నలభై ఆరు కిలోలు. ఆమె కింద అది బెండులా ఎగిరేది. మలుపు తిప్పుదామని మడమ నొక్కితే మూడు ఫిన్లూ నీళ్లని పట్టుకుని, మొండి ఎద్దులాగా కదిలేవి కావు.

షెడ్డులో ఇంకో బోర్డు పడి ఉండేది. పల్చటిది, అడుగున ఒక్కటే చిన్న ఫిను. వేలితో తోస్తే తిరుగుతుంది. దాని కోసం ముత్యాలు క్లబ్బు మేనేజరు శశిభూషణ్ గారి దగ్గరికి మూడుసార్లు వెళ్లింది.

“ఇక్కడ తేడాల్లేవమ్మా,” అన్నాడాయన మూడుసార్లూ, ఎంతో న్యాయంగా. “ఆడపిల్లవని నీకొక బోర్డు, నీకొక కెరటం అంటే రేపు అందరూ అడుగుతారు. రూలు రూలే.”

బయట కూర్చున్న నూకరాజు నవ్వాడు. క్లబ్బులో అందరికంటే మొనగాడు వాడు. “కాళ్లలో సత్తువ నేక కెరటం మీద కోపమేటే గుంటా? రోజూ రెండు గుడ్లు తిను!”

ఆ నవ్వు ముత్యాలుకి ఒంటికి కారం రాసినట్టయింది. పడమటి తీరంలో జరిగే పోటీకి క్లబ్బు తరఫున ఒక్కరినే పంపుతారు. రెండేళ్లు వరసగా ఎంపికలో పడిపోయింది. మూడోసారి కూడా పడిపోయినవాళ్లని బోటు ఎక్కనివ్వరు, అదీ రూలే. ఈ ఆదివారం పోతే ఇక ఆమె ఈ నీళ్లని గట్టు మీదనించి చూడాల్సిందే. అందుకే ఆ రోజు మాస్టార్ని అలా నిలదీసింది. ఆయన బోర్డు తుడిచి, గోడకి చేర్చి వెళ్లిపోయారు. ముసలాయన కూడా వాళ్ల మనిషేననుకుంది ముత్యాలు, పళ్లు కొరుక్కుంది.

ఆదివారం పొద్దున్న దానయ్య అందరికంటే ముందొచ్చి బోటు సిద్ధం చేశారు. శశిభూషణ్ గారు కాగితం, గడియారం పట్టుకుని బోటు ఎక్కాడు. తాడు వదిలాక ఎక్కువసేపు నిలిచి, రెండు మలుపులు తిప్పినవాళ్లది గెలుపు. మొదటి పేరు నూకరాజుది. వాడు నీళ్లలోకి దిగబోతూ ఆగిపోయాడు.

“మాస్టారూ, బోటు కుడి పక్కకి ఒరిగిపోనాదేటి?”

“సంచులు కుడి పక్కన నింపేను.”

“నాకు కెరటం వీపెనకాల పడతాది గదా!”

“పడతాది.”

పైగా వాడి చేతికి దానయ్య అందించింది పల్చటి బోర్డు. మేనేజరు మొహం ఎర్రబడింది. “ఏమిటిది దానయ్యా? ఎంపిక రోజున ఏమిటీ వేషాలు?”

“వేషమేటుంది బాబూ? ఒకటే బోర్డు, ఒకటే కెరటం. అందరికీ.”

శశిభూషణ్ గారు నోరు తెరిచాడు గాని, తన మాటే తనకి అడ్డొచ్చింది. కాగితం కేసి చూస్తూ “కానివ్వండి” అన్నాడు.

నూకరాజు తాడు పట్టుకుని లేవబోతే పల్చటి బోర్డు వాడి బరువుకి సగం మునిగింది. రెండోసారి ఎలాగో లేచాడు. తాడు వదిలాడో లేదో, చిన్న ఫిను నీళ్లని పట్టక బోర్డు సబ్బుబిళ్లలా జారిపోయింది. వాడు కెరటం కోసం వీపు వెనక వెతుకుతుండగానే కెరటం వాణ్ణి దాటిపోయింది. నాలుగు సెకన్లు. మిగతా కుర్రాళ్లదీ అదే గతి. ఎవడూ పది దాటలేదు.

తరవాత ముత్యాలు. తాడు వదిలిన క్షణాన కెరటం ఆమె కళ్లెదుట, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. ముందు కాలు నొక్కింది, బోర్డు ఉరికింది. మడమ నొక్కింది, తిరిగింది. వేళ్లు నొక్కింది, మళ్లీ తిరిగింది. మూడేళ్లుగా తిట్లు తిన్న కాళ్లు ఇవేనా అనిపించింది. నిమిషం దాటింది. ఇక చాలు రమ్మని మేనేజరు చెయ్యూపాడు.

బోటెక్కగానే ఆమె నేరుగా నూకరాజు ముందుకెళ్లి నిలబడింది. “కాళ్లలో సత్తువ నేదేటిరా? గుడ్లు తిన్నేదేటి?”

వాడు తల దించుకున్నాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాడు తిరిగి తిట్టి ఉంటే ముత్యాలుకి ఎంతో బాగుండేది. విసురుగా మాస్టారి వైపు తిరిగింది.

“ఒక్క సబాసయినా అనరేటి మాస్టారూ?”

“దేనికమ్మా?” అన్నారు దానయ్య.

ముత్యాలుకి ఒళ్లు మండిపోయింది. మూడేళ్లకి ఒక్కసారి గెలిస్తే, ఆ ముద్ద కూడా నోట్లోకి పోనివ్వడీ ముసలాడు! బోటు గట్టుకి చేరింది. దిగి ఇంటికి పోదామనుకుంది. పోలేకపోయింది. కందిపోయిన ఆ చెవుల్ని ఆమె ఎరుగును. మూడేళ్లపాటు అద్దంలో చూసుకుంది తను.

బోటు వెనక్కి నడిచి, కుడి పక్క సంచి మూతి విప్పేసింది. నీళ్లు బుసకొట్టుకుంటూ రిజర్వాయరులోకి పడ్డాయి. పంపు గొట్టం లాగి ఎడమ సంచిలో పెట్టింది. షెడ్డుకి పోయి మందపు బోర్డుని ఈడ్చుకొచ్చి నూకరాజు కాళ్ల దగ్గర దబ్బున పడేసింది.

“నీ బోర్డు, నీ కెరటం. ఎక్కు. దాని మీద నా నిమిషం దాటి సూపించు, అప్పుడు నవ్వుకో.”

శశిభూషణ్ గారు కంగారుగా లేచాడు. “ముత్యాలూ, నీకేమైనా మతి పోయిందా? నీ పేరు రాసేశాను. గెలిచావు. ఇలా మనిషికో బోర్డు, మనిషికో పక్క అంటే రూలు ఒప్పుకోదు.”

“కొట్టెయ్యండి,” అంది ముత్యాలు. మళ్లీ వెళ్లి పంపు గొట్టం గట్టిగా పట్టుకుంది.

బోటు మెల్లగా ఎడమ పక్కకి ఒరుగుతోంది. నూకరాజు బోర్డు ఎత్తుకుని, నమ్మలేనట్టు ముత్యాలు కేసి చూశాడు. వాడా కెరటం మీద నిమిషం దాటిన రోజులు చాలా ఉన్నాయి, ఆ సంగతి ఆమెకీ తెలుసు. మేనేజరు కాగితం, గడియారం చేతుల్లోనే పెట్టుకుని దిక్కుతోచక దానయ్య వైపు తిరిగాడు.

“నువ్వయినా చెప్పవయ్యా! ఎంపిక అయిపోయింది కదా?”

“ఎక్కడ బాబూ?” అన్నారు దానయ్య మాస్టారు. “ఇప్పుడు మొదలెట్టండి.”