దిగేటప్పుడు తగిలిన వేలు

"ఏండ్ల తరబడి మన్నే బూటును ఎట్ల గుర్తుపట్టాలె సార్?" అని భిక్షపతి అడిగాడు.

కొండలెక్కడం నేర్పే కిష్టయ్య సారుకు ఒక అలవాటుండేది. అడిగినదానికి నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి లేపి, ఎదురుగా ఉన్న రాళ్ల గుట్ట మీదికి పంపేవారు. కొందరికి జవాబు అక్కడే దొరికేది. కొందరు తిరిగి వచ్చేసరికి ప్రశ్నే మారిపోయేది. ఇరవై ఏళ్ల కిందట ఆయన దగ్గరే తాడు పట్టడం నేర్చుకున్న భిక్షపతికి ఈ సంగతి తెలుసు. అయినా ఆ రోజు అతనికి గుట్ట కాదు, ఒక్క మాట కావాలి.

అతని కూతురు నవనీత ఉత్తరాది మంచుకొండల్లో శిక్షణ పొందుతోంది. ఆమె బూటు అడుగు ఊడిపోయింది. పదిహేను రోజుల్లో పెద్ద కొండకు బయలుదేరాలి. "ఇక్కడే చూసి కొనుక్కుంట నాన్నా" అని ఆమె ఫోనులో అంటే, "నువ్వు ఊకో, నేను పంపుత" అన్నాడు. ఆ మంచులో పిల్ల కాలికి తడి చేరితే, వేళ్లు మొద్దుబారిపోతే, తను పక్కన ఉండడు. ఉండేది ఆ బూటే. అందుకని వారం రోజులు దుకాణాలన్నీ తిరిగి, తిరిగిచ్చే షరతు మీద ఒక జత తెచ్చాడు. పైభాగమంతా ఒకే తోలు ముక్క. అతుకులు తక్కువ కాబట్టి నీళ్లు దూరే చోట్లూ తక్కువ. అడుగును జిగురుతో అంటించి వదిలెయ్యలేదు, చుట్టూ కుట్టారు. అరిగితే విప్పి కొత్తది వేయించుకోవచ్చు.

కిష్టయ్య సారు బూటును వంచి చూశారు. కుట్టును గోటితో లాగి చూశారు.

"తోలు మంచిదే. తొడుక్కో."

"నాకు కాదు సార్, బిడ్డకు."

"ఆమె నంబరెంత?"

"ఏడు. నాదీ ఏడే," అన్నాడు భిక్షపతి. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో కాస్త గర్వం కూడా కనిపించింది.

"ఇగ బాధేముంది? తొడుక్కో. ఎక్కు."

భిక్షపతి ఎక్కాడు. మొనదేలిన రాళ్లు కాలికి తెలియనే లేదు. మడమ పక్కకు ఒరగలేదు. కొన మీద నిలబడి, "మస్తుంది సార్!" అని కేక వేశాడు.

"దిగిరా," అన్నారు కిందినుంచి.

దిగడం మొదలుపెట్టాక పాదం ముందుకు జారింది. అడుగడుక్కీ బొటనవేలు బూటు మొనకు కొట్టుకుంది. సగం దూరం అడ్డంగా నడిచాడు, తరవాత వెనక్కి తిరిగి నడిచాడు. చివరికి బూట్లు విప్పి, తాళ్లు ముడేసి మెడలో వేసుకుని, ఉత్త కాళ్లతో కుంటుకుంటూ వచ్చాడు.

"నిన్ను బూట్లు మోసుకొస్తయనుకుంటే, నువ్వే వాటిని మోసుకొస్తున్నవేందిరా!" అని సారు నవ్వారు. మళ్లీ తొడిగించి, మడమను వెనక్కి ఆనించి, తాళ్లు చీలమండ దగ్గర తనే బిగించి కట్టారు. పది అడుగులు పైకి నడిపించి దింపారు. నొప్పి తగ్గింది కానీ వేలు ఇంకా తగులుతూనే ఉంది.

"నీకు బొటనవేలు పొడుగు," అన్నారు సారు. "నీ బిడ్డకు?"

భిక్షపతి గుర్తు చేసుకోబోయాడు. ప్రతి జూన్‌లోనూ బడి బూట్లు కొన్నది తనే. ఎదిగే పిల్ల కదా అని ఒక నంబరు పెద్దదే కొనేవాడు. నంబర్లన్నీ గుర్తున్నాయి. పాదం గుర్తు రాలేదు.

అక్కడికక్కడే ఫోను చేశాడు. "బిడ్డా, బొటనవేలి పక్క వేలు నీకు పొడుగా, పొట్టా?"

అవతల నవనీత పకపకా నవ్వింది. "ఏంది నాన్నా, పెండ్లిచూపులా? పొడుగే. ఆ వేలు పొడుగున్నది మొగుణ్ణి ఆడిస్తదని నానమ్మ రోజూ అనకపోయేదా? దిగేటప్పుడు నాకు అదే నలుగుతది. పోయిన కొండకు గోరే ఊడిపోయింది."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలే. ఎంత ఎత్తు ఎక్కినవని అడిగినవు, చెప్పిన."

భిక్షపతి ఫోను జేబులో పెట్టుకుని బూటు మొనను బొటనవేలితో నొక్కి చూశాడు. తరవాత అడిగాడు: "ఈ జత పంపాల్నా, ఆమెనే కొనుక్కొమ్మనాల్నా సార్?"

కిష్టయ్య సారు బూట్లకు అంటిన మట్టిని తన తువ్వాలతో తుడిచి, తిరిగిచ్చేందుకు పెట్టెలో సర్దారు.

"ఎక్కినంక అందరూ పైనుంచి మస్తుందనే అరుస్తరు భిక్షపతీ," అన్నారు. "బిడ్డను దిగినంక అడుగు."