గిన్నికోడి తవ్వించిన బడి మెట్లు

అనగనగా, మనుషులు లేకపోయినా మునిసిపాలిటీ మాత్రం ఉన్న ఊరొకటి. దానికి పెద్ద ఒక ఒంటె. పనుల కాంట్రాక్టరు ఒక దున్నపోతు. రాతకోతలు చూసేది ఒక తొండ. ఎవరేమన్నా తల ఊపడం పుట్టుకతో వచ్చిన విద్య గనుక ఆ ఉద్యోగం దానికే ఇచ్చారు.

ఆ ఊళ్ళో ఒక వీధి చివర చిన్న బడి. చుక్కలమ్మ అనే గిన్నికోడి అక్కడ కోడిపిల్లలకీ, కుందేలుపిల్లలకీ, చుంచుపిల్లలకీ చదువు చెప్పేది. నోరు పెద్దది. అబద్ధం మాత్రం ఆ నోట రాదు.

ఒక ఏడు వానలకు ముందు ఆ వీధికి రోడ్డు వేశారు. పాతది గీకలేదు, తవ్వలేదు. దానిమీదే కంకర, మట్టి పోసి దున్నపోతు తొక్కి చదును చేసింది.

"పాతది తవ్వి వెయ్యి మామా, వీధి ఎత్తవుతుంది" అంది చుక్కలమ్మ.

"తవ్వడమంటే పని రెండింతలు. నువ్వొచ్చి తవ్వుతావా?" అంది దున్నపోతు. తొండ తల ఊపింది.

మరుసటేడు గుంతలు పడ్డాయి. మళ్ళీ పైనే పోశారు. ఈసారి వాననీళ్ళు వీధిలో నిలవలేదు, నేరుగా ఇళ్ళలోకి దిగాయి. కుందేలమ్మ ఇంట పొయ్యి ఆరిపోయింది.

"గుమ్మాల ముందు గట్లు కట్టుకోండి" అంది ఒంటె. తొండ తల ఊపింది.

మూడో ఏడు మూడో పొర పడింది. బడి నీళ్ళతో నిండింది. పిల్లలు బల్లలెక్కి కూర్చున్నారు. అప్పుడు మునిసిపాలిటీ సభవారికి చురుకు పుట్టి తీర్మానం రాశారు: బడి పల్లంలో ఉన్నది గనుక మూసివేయడమైనది, పిల్లలు ఏటి అవతలి బడికి పోవలెను.

ఏరు దాటడం ఒంటెకు నాలుగు అడుగులు. చుంచుపిల్లకు చావు.

చుక్కలమ్మ రెక్కలు విదుల్చుకుంటూ సభకు వెళ్ళింది.

"ఆ కాగితం పైకి చదువు, తొండ బావా."

"సభ్యులెల్లరూ స్వయముగా చూచి నిశ్చయించిరి..."

"ఎప్పుడు చూశారు?"

తొండ తల ఊపింది.

"ఊపకు. చెప్పు!"

ఒంటె మెడ దించింది. "చూడలేదమ్మా. వీధి మొదట్లో నిలబడితే నాకన్నీ కనబడతాయిగా అనుకున్నా."

"పైనుంచి కప్పులే కనబడతాయి పెద్దయ్యా. రండి, గుమ్మం చూద్దురుగాని."

అందరూ వెళ్ళారు. ఒంటె నాలుగు కాళ్ళూ మడిచి కూలబడితే గాని బడి లోపలేముందో కనబడలేదు.

"పల్లమే! కట్టినవాళ్ళకు బుద్ధి లేదు" అంది దున్నపోతు.

"కట్టింది మా అమ్మమ్మ. రెండు మెట్లెక్కి లోపలికి పోయేలా కట్టింది. ఆ మెట్లు ఎవరు మింగారో తేలుద్దాం" అని చుక్కలమ్మ గోళ్ళతో నేల గీకడం మొదలుపెట్టింది. కోడిపిల్లలు చేరాయి. కుందేళ్ళు చేరాయి. తవ్వడం వాటికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మొన్నటి పొర తీస్తే ద్వారబంధం కింది భాగం బయటపడింది. నిరుటి పొర తీస్తే గడప. ముందటేటి పొర తీస్తే ఒకదాని కింద ఒకటి, రెండు రాతి మెట్లు.

ఒంటె మెడ చాచి ఆ మెట్లు చూసింది.

"బడి దిగలేదు. మనమే దాన్ని పూడ్చాం" అంది. తీర్మానం అక్కడే చించేసింది. "మామా, వీధి పొడుగునా మూడు పొరలూ నువ్వే తవ్వు. కింది మెట్టుకు దిగువగా కొత్త రోడ్డు వెయ్యి. అది అయ్యేదాకా ఊళ్ళో నీకు ఇంకో పని లేదు."

దున్నపోతు గొణుక్కుంటూ తవ్వింది. నెల తిరిగేసరికి పెద్దవాన కురిసింది. నీళ్ళు మెట్ల కిందుగా పారిపోయాయి. లోపల చుక్కలమ్మ ఎక్కాలు వల్లె వేయిస్తూనే ఉంది.

పిల్లలూ, ఎవరైనా పల్లంలో ఉన్నారని తప్పుపట్టే ముందు, వాళ్ళ చుట్టూ తామెంత మట్టి పోశారో పెద్దలు దగ్గరికెళ్ళి తవ్వి చూసుకోవాలి.