పీటల మీద అబ్బులు

పాలకొల్లులో ఫోటో ఎడిటింగ్ నేర్పే నూరుద్దీన్ మాస్టారిని శిష్యురాలు ప్రసూన ఒకనాడు ఇలా అడిగింది: "ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టాక కిందిది కనబడదు కదా మాస్టారూ. మరి దాన్ని ఉంచడమెందుకు? చెరిపేస్తే పోదా?"

ప్రసూన ముప్పై దాటాక కంప్యూటర్ ముట్టుకున్న మనిషి. ఇల్లు సర్దినట్టే ఫైలూ సర్దేయాలని ఆవిడ పట్టుదల. గాజు పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే ఆ లేయర్లు రెండు దాటితే ఆవిడకు ఊపిరాడదు.  చేతిలో ఉన్న పనిని ఆ ఫోటో తెచ్చినవాళ్ళు చూసేదాకా ఏదీ చెరపొద్దనీ, లేయర్లు కలపొద్దనీ మాత్రం మాస్టారు అన్నారు. ఆయన మాట కాదనలేక ఊరుకుంది గానీ ఆవిడకు నచ్చలేదు.

ఆ పని అబ్బులుది. ఆయన అన్నగారు గవర్రాజు కూతురి పెళ్ళి చూడకుండానే పోయాడు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది అబ్బులే. పెళ్ళయ్యాక ఆ ఫోటో పట్టుకొచ్చి, తనను తీసేసి తన చోట అన్నయ్యను కూర్చోబెట్టమన్నాడు. అమ్మాయి నాన్న కోసం బెంగపెట్టుకుందిట. అత్తారింటికి ఈ ఫోటో పట్టుకెళితే కాస్త కుదుటపడుతుందని ఆయన ఆశ. ప్రసూన మనసు పెట్టి చేసింది. ఎప్పుడో గృహప్రవేశం నాడు పీటల మీద కూర్చున్న గవర్రాజును తెచ్చి అబ్బులు మీద సరిగ్గా కప్పింది. వెలుగూ నీడా చక్కగా కుదిరాయి.

మర్నాడు పొద్దున అబ్బులు, ఆయన భార్య రాజ్యం, పెళ్ళికూతురు శ్రావణి వచ్చారు. ఫోటో చూసి అబ్బులు కళ్ళు తుడుచుకున్నాడు. రాజ్యం మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కన్యాదానానికి దంపతులు కూర్చుంటారు కదా. అబ్బులు మాయమైపోయేసరికి, పాపం ఆవిడ బావగారి పక్కన పీటల మీద తేలింది. ఈ ఫోటో నలుగురికీ ఎలా చూపిస్తామంటూ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అడిగినాయనకూ తట్టలేదు, చేసినావిడకూ తట్టలేదు. ప్రసూన సిగ్గుతో తల వంచుకుంది.

శ్రావణి నవ్వలేదు. బాబాయి చెయ్యి పట్టుకుని, "నాన్నను చూడాలని ఉన్నమాట నిజమే. నిన్ను తీసేసి కాదు బాబాయ్," అంది. 

ఎవరూ చెప్పకుండానే ప్రసూన పై లేయరును పక్కకు జరిపింది. కింద పట్టుపంచెలో, చెమటలు కారుతూ, అబ్బులు ఎక్కడివాడక్కడే ఉన్నాడు. ఓ అరగంట కష్టపడి ఆవిడ అబ్బులు బొమ్మను కత్తిరించి అన్నిటికంటే పైన పెట్టి, గవర్రాజును కాస్త ఎత్తుకు జరిపింది. గవర్రాజు ఇప్పుడు తమ్ముడి వెనక నుంచి, భుజం మీదుగా కూతుర్ని చూస్తున్నాడు. శ్రావణి ఆ ఫోటోను చాలాసేపు చూసి, ఇంకో కాపీ బాబాయి ఇంటికి కావాలంది. ముగ్గురూ సంతోషంగా వెళ్ళారు.

వాళ్ళు మెట్లు దిగాక ప్రసూన, తీసేయమన్నది అబ్బులుగారే కదా, అందుకే చెరిపేద్దామనుకున్నానని నెమ్మదిగా ఒప్పుకుంది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: "తనను తీసేయమని ఎవరైనా అడిగితే, తీసేసినట్టు చూపించమ్మా. అంతవరకే."