పగడాల దీవికి బయలుదేరిన ఉల్లంకులు

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉండేది. ఆ అడవిలో నీటికుక్కలు, ఎర్ర పీతలు, గూడకొంగలు, ఉల్లంకి పిట్టలు కలిసిమెలిసి బతికేవి.

ఆ ఉల్లంకుల్లో విహారి, తొలకరి అనే జంట ఉంది. సముద్రం అవతల తూర్పున ఉన్న పగడాల దీవిలో తొలకరి చిన్నమ్మమ్మ ఉండేది. ముసలిది. ఆమెను ఒక్కసారైనా చూసి రావాలని తొలకరి కోరిక. పెళ్ళయిన ఏడాది వెళదామంటే తుఫాను వచ్చింది. మరుసటి ఏడాది గూట్లో గుడ్లున్నాయి. ఈసారి మాత్రం ఏ అడ్డూ లేదు. పడమటి గాలి వీచడమే తరువాయి.

సముద్రం దాటే పిట్టలకు ఒక పద్ధతి ఉంది. గాలి తిరిగేలోపు బురదలోని పురుగులు తిని తిని బాగా ఒళ్ళు చేయాలి. దారిలో వాలడానికి కొమ్మ ఉండదు, తినడానికి ఏమీ దొరకదు. ఒంట్లో పట్టిన కొవ్వే దారి బత్తెం.

తొలకరి పొద్దస్తమానం బురదలో ముక్కు పెట్టి తింటూనే ఉంది. విహారికి మాత్రం ఆ తీరిక ఏదీ? "మేం సముద్రం దాటి వెళుతున్నాం" అని చెట్టుచెట్టుకూ తిరిగి చెప్పడానికే పొద్దు చాలలేదు. నీటికుక్కకు గవ్వ తెస్తానన్నాడు. పీతమ్మకు పగడం తెస్తానన్నాడు. అడగనివాళ్ళకు కూడా ఏదో ఒకటి తెస్తానన్నాడు.

"ఏవండీ, ఆ కబుర్లు తర్వాత. ముందు నాలుగు పురుగులు తినండి" అంది తొలకరి.

"పొట్టేసుకుని దిగితే మీ చుట్టాలు నవ్వరూ? అయినా తింటూనే ఉన్నాలే!" అన్నాడు విహారి.

గాలి తిరిగింది. అడవంతా ఒడ్డుకు వచ్చి సాగనంపింది.

"కడుపు నిండిందా?" అని తొలకరి మళ్ళీ అడిగింది.

"పీకలదాకా!" అన్నాడు విహారి.

ఒడ్డు కనుమరుగయ్యేదాకా బాగానే ఎగిరాడు. ఆ తర్వాత రెక్కలు బరువెక్కాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. చెప్పుకోవడానికి నామోషీ. చివరికి నీళ్ళలో కొట్టుకుపోతున్న దుంగ ఒకటి కనబడితే దాని మీద కూలబడ్డాడు.

"నేను సరిగ్గా తినలేదు తొలకరీ. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు వెళ్ళు" అన్నాడు.

తొలకరి తూర్పు వైపు చూసింది. దీవి చేరే సత్తువ తనకు ఉంది. చాలాసేపు అటే చూసి, వెనక్కి తిరిగింది.

"కాస్త ఊపిరి తీసుకుని లేవండి. ఇంటికి పోదాం" అంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేదని విహారికి అనిపించింది.

తిరుగుదారిలో ఎదురుగాలి. తొలకరి ముందు ఎగురుతూ గాలికి అడ్డుగా నిలిచింది. ఆమె చాటున విహారి ఎగిరాడు. దీవి కోసం ఆమె కూడబెట్టుకున్న సత్తువంతా అతన్ని ఇల్లు చేర్చడానికే సరిపోయింది.

ఒడ్డున అందరికంటే ముందు పీతమ్మ ఎదురొచ్చింది. "అప్పుడే వచ్చేశారా? నా పగడం ఏదయ్యా?"

తొలకరి రొప్పుతూ, "నాకే ఒంట్లో నలతగా ఉండి వెనక్కి వచ్చాం పీతమ్మా" అంది.

విహారికి తల కొట్టేసినట్టయింది. తన అబద్ధం చాలక ఆమె చేత కూడా అబద్ధం ఆడించాడు.

"కాదు. గొప్పలు చెప్పుకుంటూ తిండి మానింది నేను. ఆమె ప్రయాణం చెడగొట్టింది నేనే" అన్నాడు తల దించుకుని.

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. మర్నాటికి గాలి ఆగిపోయింది. ఆ ఏటికి ఇక ప్రయాణం లేదు.

మళ్ళీ ఏడు వచ్చింది. "ఏమయ్యా, ఈసారి ఎక్కడికి?" అని నీటికుక్క పలకరించింది. విహారి నోటినిండా పురుగులే.

పడమటి గాలి వీచిన రోజు ఇద్దరూ చడీచప్పుడు లేకుండా బయలుదేరి పగడాల దీవి చేరారు. చుట్టాలంతా తొలకరి చుట్టూ మూగారు.

"మా చిన్నమ్మమ్మ ఏదీ?" అని అడిగింది తొలకరి.

"పోయిన ఏడంతా నీ కోసమే ఎదురుచూసింది తల్లీ. మొన్న చలికాలంలో కన్నుమూసింది" అన్నారు వాళ్ళు.

తొలకరి ఏడుస్తూ విహారి రెక్క మీద తల వాల్చింది. విహారికి మాత్రం ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

నీతి: గొప్పలకు పోయి సిద్ధపడనివాడు తనకే కాదు, తనను నమ్మి వెంట వచ్చినవారికి కూడా తీరని నష్టం తెస్తాడు.