పదివేల తోకల గోపురం

అనగనగా ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు, రెండు మీసాలు ఉండేవి. కొడుకుల మీద ప్రేమ ఎక్కువా, మీసాల మీద ప్రేమ ఎక్కువా అంటే మాత్రం చెప్పడం కష్టం. రాజుగారి పేరు గంభీరసేనుడు. ఆయన ఎడమ మీసం పైకి తిరిగి ఉండేది. కుడి మీసం, ఎంత నెయ్యి రాసినా, ఎంత మెలిపెట్టినా కిందికే వాలేది.

ఆయన ఊరి పేరు కలకలపురం. పేరుకు తగ్గట్టే అక్కడి జనం ఒకటే మాటలు! బావి దగ్గర మాటలు, బజారులో మాటలు, అన్నం ముద్ద నోట్లో ఉండగా కూడా మాటలు. అలాంటి ఊళ్ళో రాజుగారి కుడి మీసం మీద ఒక పాట పుట్టింది. ఎవరు కట్టారో తెలియదు, అందరికీ వచ్చు.

ఆ పాట రాజుగారి చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. "ఇవాళ మీసం మీద పాట. రేపు కిరీటం మీద కుట్ర! ఎవరేమనుకుంటున్నారో నాకు తెలియాలి" అన్నాడు.

అప్పుడు వచ్చాడు సహస్రకర్ణి అనే మాంత్రికుడు. సహస్రకర్ణి అంటే వెయ్యి చెవుల వాడని అర్థం. "మహారాజా, ఇంటికొక బల్లి చాలు" అన్నాడు.

ఊళ్ళో పదివేల ఇళ్ళు. పదివేల బల్లులు వచ్చాయి. "ఇవి సత్యదేవత పంపిన బల్లులు. నిజం పలికితే కిచకిచమంటాయి" అని దండోరా వేయించారు. జనం పసుపు, కుంకుమ పెట్టి మరీ ఇళ్ళలోకి తీసుకెళ్ళారు. ఎవరేం మాట్లాడినా పైనుంచి కిచకిచ. కిచకిచమన్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ నేల మీద వేలితో కొట్టి, "సత్యం, సత్యం" అనేవాళ్ళు. బల్లులన్నిటికీ తోకలు ఎందుకు లేవో ఒక్కరూ అడగలేదు.

ఇక మన పగడాల సంగతి విందాం. పగడాలు అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల. లెక్కల్లో దిట్ట. చెట్టు కింద నిలబడి ఒక్క కొమ్మ చూసి, చెట్టుకు ఎన్ని ఆకులో చెప్పేసేది. అమ్మమ్మ చెంగమ్మ కథల్లో దిట్ట. అయితే ఆవిడకు ఒక నియమం. ఎదురుగా ఎవరైనా "ఊఁ" కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది.

"అమ్మమ్మా, కోటలో రాతపని ఉందట. వేగంగా రాసేవాళ్ళు కావాలట. వెళ్తానే!"

"వెళ్ళవే తల్లీ. నాకు ఊఁ కొట్టేదెవరు మరి?"

"అదిగో, చూరులో బల్లి ఉందిగా!" అని నవ్వి వెళ్ళిపోయింది పగడాలు.

కోటలో ఒక ఎత్తయిన గోపురం. లోపల గోడల నిండా పదివేల బల్లితోకలు, ప్రతి తోక కిందా ఒక అంకె. ఇంట్లో బల్లి కిచకిచమనగానే ఇక్కడ దాని తోక గిలగిలా కొట్టుకుని, ఆ ఇంట్లోని మాటలన్నీ సన్నని గొంతుతో చెప్పేసేది. మనుషులు వేరైనా తోకలన్నిటికీ ఒకటే గొంతు. రాసేవాళ్ళు వందమంది, మనిషికి వంద తోకలు. పగడాలకు వచ్చినవి నాలుగువేల మూడువందల ఒకటి నుంచి నాలుగువేల నాలుగువందల దాకా.

మాంత్రికుడు అందరి చేతా ప్రమాణం చేయించాడు. "ఇది దొంగల్ని పట్టే పని. గోపురం సంగతి బయట చెప్పినవాళ్ళ గొంతు ఆ క్షణమే పోతుంది!" ఎవరేం అడిగినా ఆయనది ఒకటే మాట: "రాసి చూపించు." దాహం వేస్తోందన్నా, కడుపు నొప్పన్నా, "రాసి చూపించు."

దొంగల్ని పట్టే పని అంటే మంచిదే కదా అనుకుంది పగడాలు. కోటలోనే ఉంటూ మూడేళ్ళు చకచకా రాసింది. ఆ వంద తోకల్లో ఆమెకు ఒకటంటే మహా ఇష్టం. నాలుగువేల మూడువందల పదహారో తోక. అది కథలు చెప్పేది! కిందికి వాలిన మీసంతో ఒక రాజు ఎన్ని పాట్లు పడ్డాడో రోజుకొక ముక్క చెప్పేది. పగడాలు నవ్వుకుంటూ అక్షరం పొల్లుపోకుండా రాసి మాంత్రికుడి చేతికిచ్చేది.

ఒకరోజు ఆ తోక ఇలా అంది: "అప్పుడా రాజు మంగలిని పిలిచి, మీసం మీద కత్తి పెట్టించాడు. పెట్టించగానే... ఊఁ అనవే బల్లీ! మా పగడాలుంటే ఎంత చక్కగా ఊఁ కొట్టేదో."

పగడాల చేతిలో గంటం ఆగిపోయింది. ఆమె పరుగున ఇంటికి వెళ్ళేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మమ్మను అప్పటికే భటులు తీసుకెళ్ళారు. పదో రోజు సంతలో, పదిమందీ చూస్తుండగా, చెంగమ్మ నోటికి మంత్రపు తాళం వేస్తారట. ఆ తాళం పడిందంటే ఇక మాట రాదు, జన్మంతా మూగే.

పగడాలు గడప మీద కూలబడింది. ఏడుస్తూనే లెక్క వేసింది. మూడేళ్ళలో తాళం పడ్డ నోళ్ళు ముప్పై ఏడు. మీసం కుండపెంకులా ఉందన్న కుమ్మరి బసివయ్య ఒకడు, జోలపాటలో మీసం పాట కలిపిన బాలింత ఒకతె. మరి పట్టుబడ్డ దొంగలు? సున్నా.

"ముప్పై ఏడు, సున్నా" అనుకుంది. "ఇంతమందిని పట్టించినవాళ్ళలో నేనూ ఒకదాన్నా!"

కళ్ళు తుడుచుకుని గోపురానికి వెళ్ళి, తనింటి నాలుగువేల మూడువందల పదహారో తోకను పీకి కొంగున ముడేసి తెచ్చింది. చూరులోని బల్లికి ఆ తోక అతికించగానే బల్లి గొంతు బల్లికి వచ్చేసింది.

"అబ్బ! ఇన్నాళ్ళకు నా మాట నాకొచ్చింది. పగడాలూ, ముందు ఇది చెప్పు. కత్తి పెట్టించగానే ఏమైంది?"

"నాకేం తెలుసు! కథ అమ్మమ్మ దగ్గరుంది."

"అయితే అమ్మమ్మను తెచ్చుకోవాల్సిందే" అంది బల్లి. "మా మేనత్త మాంత్రికుడి చూరులోనే కాపురం. ఆవిడ చెప్పింది విను. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. చిలుక ఏడు సముద్రాల అవతల దీవిలో, తలుపు లేని ఇనుపగదిలో ఉంది. ఒక్కదానివే ఏం వెళ్తావు? రాజకుమారుల్ని అడుగు."

చెబితే గొంతు పోతుందేమోనని పగడాలకు భయమే. అయినా వెళ్ళింది.

పెద్ద రాజకుమారుడు తోటలో తెర కట్టించుకుని తలంటు పోసుకుంటున్నాడు. పగడాలు తెర ఇవతల నిలబడి అంతా చెప్పింది. గొంతు పోలేదు! ఇదేమిటబ్బా అనుకుంది.

"దాచుకునేది ఏమీ లేనివాడికి భయమెందుకు పిల్లా?" అన్నాడు ఆయన.

"మరి ఈ తెర ఎందుకు దొరా?"

లోపలి నుంచి చెంబెడు కుంకుడు పులుసు బయటికి వచ్చి పడింది.

నడిపి రాజకుమారుడు గుర్రమెక్కబోతున్నాడు. అంతా విని, "తప్పే, చాలా తప్పు" అన్నాడు. తర్వాత వంగి, "మా అత్తవారింట్లో నా గురించి ఏమంటున్నారో రాసిన తాటాకు ఒక్కటి తెచ్చిపెడతావా?" అన్నాడు.

చిన్న రాజకుమారుడు రత్నకేతు పడవకు చిల్లు పూడుస్తున్నాడు. "నా గదిలో కూడా బల్లి ఉందా?" అన్నాడు.

"ఉంది. నాలుగో తోక మీది. ఒకటో తోక మహారాజుగారి పడకగదిది."

"అయ్యో, నేను నిద్రలో మాట్లాడతానే!"

"తెలుసు. నా పక్కన కూర్చునే పిల్ల రాసింది. బూరెలు కావాలని అడుగుతారట."

రత్నకేతు మొహం ఎర్రబడింది. మరుక్షణం పగలబడి నవ్వాడు. "నా బూరెల సంగతి సరే, మీ అమ్మమ్మ సంగతి చూద్దాం పద!"

బల్లిని భుజాన ఎక్కించుకుని ఇద్దరూ బయలుదేరారు. సముద్రం ఒడ్డున ఒక ముసలి తిమింగలం నిట్టూరుస్తోంది. దాని నిట్టూర్పుకు పడవ కాస్తా బోల్తా పడింది.

"ఏం తాతా, అంత బాధేమిటి?" అంది పగడాలు.

"వెయ్యేళ్ళ కబుర్లున్నాయమ్మా కడుపులో. వినే నాథుడు లేడు."

"మేము వింటాం. ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"దాటిస్తా. ఊఁ కొడుతుండాలి. ఊఁ ఆగిందో, మునిగిపోతా!"

మొదటి సముద్రం సగంలోనే రత్నకేతు గురక పెట్టాడు. పగడాలు మాత్రం ఊఁ కొట్టింది. సముద్రానికి ఏడువందల ఊఁలు. ఒక సముద్రం దాటారు, ఊఁ. రెండో సముద్రం దాటారు, ఊఁ. మూడు, నాలుగు, ఐదు, ఆరు దాటారు. ఏడో సముద్రంలో పగడాల గొంతు బొంగురుపోతే బల్లి అందుకుని కిచ, కిచ అంది. నాలుగువేల తొమ్మిదివందలో ఊఁ దగ్గర ఒడ్డు తగిలింది. పోవడానికి నాలుగు రోజులు పట్టింది.

దీవిలో ఇనుపగది. తలుపు లేదు, కిటికీ లేదు, పైకప్పు కింద వేలెడంత సందు మాత్రం ఉంది. బల్లి అందులోంచి దూరి, లోపలి మీట మీద తోకతో ఒక్కటి కొట్టింది. గోడ పక్కకు జరిగింది. లోపల పచ్చని చిలుక ఉంది.

రత్నకేతు కత్తి దూశాడు. "దీని మెడ తుంచితే వాడు చస్తాడు!"

"ఆగండి! ఇది ఏం పాపం చేసింది? ముందు అడుగుదాం" అంది పగడాలు. "ఏం చిలకమ్మా, బాగున్నావా?"

చిలుక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పన్నెండేళ్ళయిందమ్మా నన్ను ఎవరైనా పలకరించి! వాడి ప్రాణం కాదు నాలో ఉన్నది, వాడి రహస్యం. ఎంతటి మాంత్రికుడైనా ఎవరో ఒకరికి చెప్పుకోక తప్పదుగా. నాకు చెప్పి, ఇక్కడ పడేసి పోయాడు. నలుగురి ముందు ఆ రహస్యం బయటపడితే వాడి మంత్రం ఊడిపోతుంది." ఆ రహస్యం ఏమిటో వాళ్ళ చెవిలో చెప్పింది.

పగడాలు నుదురు కొట్టుకుంది. "అందుకా 'రాసి చూపించు'! అందుకా నా గొంతు పోలేదు!"

మళ్ళీ తిమింగలం, మళ్ళీ ఊఁ. ఈసారి చిలుక కూడా తోడయింది. పదో రోజు పొద్దున్నే సంతకు చేరారు.

సంతలో రాజుగారు గద్దె మీద కూర్చున్నారు. చెంగమ్మ చేతులకు తాడు. ఆమె ఎదురుగా మాంత్రికుడు, చేతిలో మంత్రపు తాళంచెవి. జనం నోరు మెదపడం లేదు. కలకలపురంలో చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం!

పగడాలు ఉప్పు బస్తాల మీదికి ఎక్కింది. గట్టిగా అంది:

"అయ్యలారా, అమ్మలారా! మీ ఇంట్లో కిచకిచమనేది సత్యం కాదు. మీ బల్లుల తోకలు కోట గోపురంలో ఉన్నాయి. మీరు మొగుడితో అన్న మాట, పిల్లలతో అన్న మాట, దేవుడితో అన్న మాట, అన్నీ అక్కడ చెబుతున్నాయి. రాసేవాళ్ళు వందమంది. అందులో నేనొకదాన్ని. బసివయ్య మామ మాట, మా అమ్మమ్మ కథ రాసింది ఈ చెయ్యే. తప్పయింది. పట్టిన నోళ్ళు ముప్పై ఏడు, పట్టిన దొంగలు సున్నా! మహారాజా, ఒకటో తోక మీ పడకగదిది!"

రాజుగారి ఎడమ మీసం కూడా కిందికి వాలింది. "నాదా?" అన్నాడు.

"ఈ పిల్ల చేత రాయించిందెవరు? చేతులు కట్టుకు చూస్తూ కూర్చున్నది మనం కాదూ?" అని గుంపులోంచి కుమ్మరి బసివయ్య పెళ్ళాం అరిచింది. "ఒసే పగడాలూ, ఇప్పుడైనా చెప్పావు. చెప్పు, ఇంకా చెప్పు!"

ఇంత జరుగుతున్నా మాంత్రికుడు మాత్రం చిరునవ్వుతో తాళంచెవి తిప్పుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు చిలుక అతని తలపాగా మీద వాలి, పన్నెండేళ్ళ కసితో కూసింది:

"సహస్రకర్ణికి బ్రహ్మచెవుడు! వినికిడి అమ్ముకుని మంత్రాలు కొనుక్కున్నాడు! వెయ్యి చెవులూ అబద్ధం! వాడికున్నది ఒకే ఒక్క చెవి, తాళంచెవి!"

సంత సంతంతా ఘొల్లుమంది. మూడేళ్ళుగా దాచుకున్న నవ్వు ఒక్కసారి బయటికొచ్చింది. మాంత్రికుడు అటు చూశాడు, ఇటు చూశాడు. "ఎందుకు నవ్వుతున్నారు? రాసి చూపించు!" అన్నాడు.

పగడాలు తాటాకు తీసి చక్కగా రాసి చూపించింది. చదవగానే అతని చేతిలోని తాళంచెవి చింతపిక్కగా మారిపోయింది. గోపురంలో పదివేల తోకలు జలజలా రాలి, గంతులేస్తూ తమ తమ బల్లుల్ని వెతుక్కుంటూ పోయాయి. ముప్పై ఏడు నోళ్ళు తెరుచుకున్నాయి. కుమ్మరి బసివయ్య మొదట అన్న మాట, "కుండపెంకే! ముమ్మాటికీ కుండపెంకే!"

మాంత్రికుడి వినికిడి కూడా తిరిగి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత అతను విన్న మొదటి చప్పుడు ఆ నవ్వే.

రాజుగారు గద్దె దిగి వచ్చి తన చేత్తో చెంగమ్మ తాడు విప్పాడు. "అవ్వా, నన్ను క్షమించు. నా దగ్గర పదివేల ఇళ్ళ మాటలున్నాయి, ఒక్క మనిషి మాట వినలేదు. వీడికేం శిక్ష వేయమంటావు?"

"వాడి పాత చెవులు వాడికొచ్చాయిగా నాయనా. వాటికి కాస్త పని పెడదాం. రోజూ వచ్చి నా కథలకు ఊఁ కొట్టమను" అంది చెంగమ్మ.

ఇక రత్నకేతుకూ పగడాలకూ పెళ్ళి. "లెక్కలు వచ్చిన కోడలు దొరికింది, కొడుక్కి మెలకువగా ఉండడం నేర్పుతుంది" అని రాణిగారు మురిసిపోయారు. పెళ్ళికి పగడాలు పెట్టిన షరతు ఒక్కటే. గోపురంలో గోడలు కడిగించి, బూరెల వంటశాల చేయాలి. పదివేల ఇళ్ళకూ ఇంటికి ఏడు చొప్పున డెబ్భైవేల బూరెలు పంచారు. రత్నకేతు తిన్నవి ఆ లెక్కలో లేవు.

తర్వాత రాజుగారు కిరీటం చిన్నకొడుక్కే పెట్టారు. రత్నకేతు, పగడాలు అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. ఎవరి ఇంటి మాట ఆ ఇంట్లోనే ఉండేది. రాజుగారి మీద పాట కట్టాలంటే మాత్రం కోట ముందుకొచ్చి గట్టిగా పాడేవాళ్ళు. బాగుంటే లోపలి నుంచి కూడా వంత పలికేవాళ్ళు.

అన్నట్టు, ఆ కత్తి సంగతి! పెళ్ళి మర్నాడు చూరులోంచి బల్లి అడిగింది: "కత్తి పెట్టించగానే ఏమైందమ్మా?"

"ఏముంది! మీసం పుటుక్కున తెగి, ఎగిరి, బల్లికి తోకై అతుక్కుంది" అంది చెంగమ్మ. ముసలి రాజుగారు అందరికన్నా గట్టిగా నవ్వారు. సహస్రకర్ణి "ఊఁ" అన్నాడు.

ఇంతవరకూ ఊఁ కొట్టినవాళ్ళకు బూరె. మధ్యలో నిద్రపోయినవాళ్ళకు తిమింగలం నిట్టూర్పు!