ఎనిమిది బెల్లం దిమ్మలు

చిత్తేరు ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, రాజుగారు కోట బురుజు మీద తుమ్మితే పొలిమేరలో ఉన్నవాళ్ళు 'చిరంజీవ' అని దీవించేవారట. ఏలే ప్రభువు పేరు మాత్రం చాలా పెద్దది. వీరప్రతాప భుజంగరాయలు.

రాయలవారు వయసులో ఉండగా రోజంతా గుర్రం మీదే తిరిగేవారు. సాయంత్రం సాము చేసేవారు. ఒక వేటలో గుర్రం మీంచి పడి కుడి మోకాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కాలు వంగడం మానేసింది. నాలుగడుగులు వేస్తే అయిదో అడుగుకి గోడ పట్టుకోవాలి. గుర్రం పోయింది, సాము పోయింది. విస్తరి మాత్రం గుర్రమెక్కి తిరిగిన రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది.

దాంతో ఏమైందంటే, పల్లకీకి నలుగురు బోయీలు చాలేచోట ఎనిమిది మంది కావలసివచ్చారు.

ఏటా పుట్టినరోజుకి రాయలవారు కొండ మీది నరసింహస్వామికి బెల్లంతో తులాభారం తూగేవారు. నలభై ఆరు దిమ్మలు యాభై అయ్యాయి, యాభై యాభై నాలుగయ్యాయి. "చూశారా, ఏడాదికేడాది నా భక్తి ఎలా పెరుగుతోందో" అనేవారు రాయలవారు. కొలువంతా తల ఊపేది. ఊపక ఏం చేస్తారు? 'ప్రభువులు ఒళ్ళు కొంచెం తగ్గించాలి' అన్న వైద్యుడు ఇప్పుడు కోట పశువుల కొట్టంలో గేదెలకు గిట్టల మందు రాస్తున్నాడు.

ఆ ఏడు తులాభారానికి వెళ్తుంటే కొండ మెట్ల మీద బోయీలు పల్లకీని మూడుసార్లు కిందికి దించారు. పక్క రాజ్యం రాయబారి చూస్తుండగా దించారు. రాయలవారికి తల కొట్టేసినట్టయింది.

"సోమరిపోతుల్లారా, వచ్చే పుట్టినరోజుకి నా పల్లకీ ఒక్కసారి నేలకు తగిలినా ఎనిమిది మందీ పెళ్ళాం పిల్లలతో నా పొలిమేర దాటాలి" అన్నారు.

మర్నాడు బోయీల పెద్ద దానయ్య కోట వంటశాల పెరటి గుమ్మం దగ్గర కూలబడ్డాడు. లోపలినుంచి నాంచారమ్మ వచ్చింది. ఆవిడ రాజుగారి వడ్డన చూసుకునే పెద్దామె. రాయలవారికి తొలి అన్నం ముద్ద పెట్టిన చెయ్యి ఆవిడది. పొద్దున్నే స్వామికి దీపం పెట్టి, నామం చెప్పుకుంటూనే గరిట పట్టేది. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

దానయ్య భుజం మీద పుండు చూసి, నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది.

"అమ్మా, అనకూడదు గానీ..." అన్నాడు దానయ్య.

"అనకు నాయనా. గేదెల కొట్టంలో ఇంకొకరికి చోటు లేదు."

"మా నాయన కట్టిన ఇల్లమ్మా అది. చంటిబిడ్డల్ని తీసుకుని ఎక్కడికి పోను?"

నాంచారమ్మ మళ్ళీ నూనెలో వేళ్ళు ముంచింది. నూనె రాస్తూ ఆలోచించింది. ఆవిడకు బోయీల మీద ఎంత జాలి ఉందో రాయలవారి మీదా అంతే ఉంది. ఎవరూ లేరనుకుని ఆయన పీట మీంచి లేవడానికి గోడ పట్టుకుని పళ్ళు బిగబట్టడం ఆవిడ రోజూ చూస్తోంది. నడవమంటే నడవలేని మనిషి. తినొద్దంటే వినని మనిషి. ఇక మిగిలిన దారల్లా, ఆయన మాట ఆయనే వినేట్టు చెయ్యడం.

మధ్యాహ్నం రాయలవారు విస్తరి ముందు కూర్చున్నారు. పులిహోర, దద్దోజనం, నాలుగు రకాల కూరలు, గిన్నెడు నెయ్యి, బూరెలు, అరిసెలు, పాయసం.

"ఈ బోయీలు ఏం తింటారే నాంచారమ్మా, అంత బలహీనంగా ఉన్నారు?"

"పొద్దున రాగి అంబలి ప్రభూ. మధ్యాహ్నం ఒక ముద్ద జొన్న సంకటి, ఆకుకూర పప్పు, పల్చటి మజ్జిగ. పొద్దు వాలకముందే మళ్ళీ ఇంత సంకటి. అంతే."

"అదీ సంగతి. అది తింటే బలమెక్కడిది?"

"నేనూ అదే అన్నాను. ప్రభువుల విస్తరి తింటే వాళ్ళూ కొండ ఎక్కుతారన్నాను. అందుకు వాళ్ళు..." అని నాంచారమ్మ నెయ్యి గిన్నె సర్దుతూ ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"వద్దులెండి."

"చెప్పవే."

"ప్రభువుల బలమంతా ఈ నేతిలోనే ఉందిట. సంకటి మీద నలభై రోజులుంటే సింహాసనం మీద కూర్చోవడానికి కూడా ఓపికుండదుట."

రాయలవారి మీసం లేచింది. "నా బలం వంశంలో ఉంది. నేతిలో కాదు. రేపటినుంచి నా విస్తరి వాళ్ళకు పంపు. వాళ్ళ సంకటి నాకు పెట్టు. నలభై రోజులు. అప్పుడు వాళ్ళకు సాకు ఉండదు, నాకు లోటూ ఉండదు."

"అయ్యో, వాళ్ళకంటే మోత పని ఉంది గనక సంకటి అరుగుతుంది. తమరికి ఎలా అరుగుతుంది?"

రాయలవారు కుడికాలి వైపు చూసుకున్నారు. ఆ క్షణం ఆయన ముఖంలో రాజసం కనబడలేదు. "నేనేం చెయ్యగలనే ఈ కాలితో" అన్నారు మెల్లిగా.

"కాలితో పని లేదు ప్రభూ. స్వామివారి వెన్న చిలికే పెద్ద కవ్వం ఉంది కదా, ఎత్తు పీట మీద కూర్చుని తాడు లాగడమే. రెండు చేతులూ, నడుమూ ఆడితే చాలు. అది నౌకరీ కాదు, స్వామి సేవ."

"కూర్చునేనా?"

"కూర్చునే."

మర్నాడు రాయలవారు కవ్వం పట్టారు. పది లాగుళ్ళకే చెమట పట్టింది. సంకటి ముద్ద చూసి కళ్ళు మూసుకున్నారు. మొదటి వారం కోటలో ఎవరూ ఆయనకు ఎదురుపడలేదు. రెండో వారం పప్పులో ఉప్పు తక్కువైందేమని అడిగారు. మూడో వారం "ఇంకొంచెం తోటకూర ఉందా?" అన్నారు. వెన్న దిగేదాకా కవ్వం వదిలేవారు కాదు.

నలభయ్యో రోజున భోజనమయ్యాక రాయలవారు పీట మీంచి లేచారు. గోడ పట్టుకోకుండా లేచారు. లేచాక ఆ సంగతి ఆయనకే తెలిసి గోడ వైపు ఒకసారి చూశారు.

నాంచారమ్మ ఏమీ చూడనట్టు చెంబు తీసుకుంది. "రేపటినుంచి పాత విస్తరి పెట్టించనా ప్రభూ?"

రాయలవారు గొంతు సవరించుకున్నారు. "అప్పుడేనా? ఆ బోయీలకు ఇంకా బలం పట్టాలి. పుట్టినరోజుదాకా ఇలాగే కానీ. వాళ్ళకోసం."

"వాళ్ళ అదృష్టం" అంది నాంచారమ్మ.

పుట్టినరోజు వచ్చింది. పల్లకీ కొండ ఎక్కింది. మొదటి మజిలీ దాటింది, రెండోది దాటింది. దానయ్య 'ఓహోం' అంటుంటే మిగతా ఏడుగురూ పాటలా అందుకున్నారు. గుడి వాకిట్లోగానీ పల్లకీ నేలను తాకలేదు.

"చూశారా, నా విస్తరి మహిమ" అన్నారు రాయలవారు పల్లకీ దిగుతూ. కొలువంతా తల ఊపింది.

తులాభారానికి రాయలవారు ఒక తట్టలో కూర్చున్నారు. అర్చకస్వామి పోయినేటి లెక్కనే రెండో తట్టలో యాభై నాలుగు దిమ్మలు పేర్పించారు. రాయలవారు గాల్లోకి లేచిపోయారు. ఒక దిమ్మ తీశారు. దిగలేదు. రెండు, మూడు, నాలుగు తీశారు. ఎనిమిదో దిమ్మ తీశాక త్రాసు సమంగా నిలిచింది.

ఈసారి కొలువులో ఒక్క తలా ఊగలేదు. భక్తి తగ్గిందని ఎవరనగలరు?

రాయలవారు పక్కన పెట్టిన ఎనిమిది దిమ్మల్నీ, ఎనిమిది మంది బోయీల్నీ మార్చి మార్చి చూశారు. కవ్వం తాడుతో కాయలు కాచిన తన చేతులు చూసుకున్నారు.

"నాంచారమ్మా, ఇలా రా. వాళ్ళకు రోజూ ఎన్ని విస్తళ్ళు పంపావు?"

"ఒక్కటే ప్రభూ. తమరి విస్తరి పంపమన్నారు, అదే పంపాను."

"ఎనిమిది మందికీ ఒక్క విస్తరా? సరిపోయిందా?"

"పంచుకుని తిన్నారు. బూరెలు పిల్లలకు పట్టుకెళ్ళారు. ఇంకా మిగిలింది గుడిలో డోలు వాయించేవాళ్ళకు పంపేదాన్ని. ఇంట్లో సంకటి ఎలాగూ మానలేదు."

"అంటే వాళ్ళకు కొత్తగా బలమేమీ రాలేదు."

నాంచారమ్మ చేతులు జోడించింది. "ఎవరి బరువు దిగిందో స్వామి త్రాసు చెప్పాక నేను చెప్పేదేముంది? తప్పు చేశాను. శిక్ష వెయ్యండి. వాళ్ళ ఇళ్ళు మాత్రం ఉంచండి."

రాయలవారి మీసం వణికింది. కోపమనుకున్నారంతా. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన నవ్వు బయటికొచ్చింది. తట్ట గొలుసులు గలగలలాడేంతగా నవ్వారు.

"ఎనిమిది మంది తిన్నా ఇంకా మిగిలేదాన్ని ఒక్కణ్ణే తిన్నానన్నమాట ఇన్నేళ్ళూ. ఏం కావాలో కోరుకో."

"ఆ వైద్యుణ్ణి గేదెల దగ్గర్నుంచి పిలిపించండి ప్రభూ. కవ్వం మాత్రం వదలకండి."

"అలాగే. గేదెలు బెంగపెట్టుకుంటాయేమో చూసుకో." రాయలవారు బోయీల వైపు తిరిగారు. "మీ ఇళ్ళు మీవే. ఈ దిమ్మలు కూడా మీవే, తలా ఒకటి. ఇన్నాళ్ళూ వీటిని కొండ మీదికి మోసింది మీరేగా."

దానయ్య ముందుకొచ్చి ఒక దిమ్మ ఎత్తాడు. అటూ ఇటూ తిప్పి చూసి నాంచారమ్మ చెవిలో అన్నాడు.

"దీన్ని ఆనవాలు పట్టానమ్మా. నా ఎడమ భుజం మీద కూర్చున్నది ఇదే."